వాపసు వచ్చిన జాబు

నాకు ఎనిమిదో తరగతి దాకా చదువు వచ్చు. ఆ కాలంలో మా వైపు ఆడపిల్లకు అదేం తక్కువ చదువు కాదు. కడపలో మిషను బోర్డింగులో ఉండి చదువుకున్నాను. బద్వేలుకు నాలుగు మైళ్ళ లోపల ఉండే మా ఊళ్ళో, మా చర్చి ఇళ్ళవాళ్ళు ఏ కాగితం వచ్చినా నేను సెలవులకు వచ్చేదాకా సందుగలో దాచిపెట్టేవాళ్ళు. పాస్టరు అయ్యగారు చదవగలరు గానీ ఆయన నాలుగైదు ఊళ్ళు తిరగాలి. అందుకని భూమిపన్ను గిస్తు రసీదు మొదలు పెళ్ళి పిలుపు దాకా అన్నీ నా ముందుకే వచ్చేవి. ముసలివాళ్ళు కూడా నేల మీద కూర్చుని నా నోటి వైపు చూసేవాళ్ళు. పద్నాలుగేళ్ళ పిల్లకు అంతకంటే ఏం కావాలి? కాగితాల సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనుకునేదాన్ని. ఆ పొగరు మా అమ్మ ప్రాణం మీదికి వచ్చింది. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పెళ్ళయి కర్నూలు వచ్చాను. మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. బురుజు దగ్గర రెండు గదుల్లో ఉండేవాళ్ళం. అంతలో కర్నూలు రాజధాని అయింది. కోస్తా నుంచి ఆఫీసర్లు దిగారు. ఉండడానికి ఇళ్ళు చాలక కొందరు గుడారాల్లో ఉన్నారు. పశువుల కొట్టాలకు కూడా సున్నం కొట్టి అద్దెకు ఇచ్చారంటే చూసుకోండి. మా ఇంటి యజమాని కూడా వారం రోజుల్లో ఖాళీ చెయ్యమన్నాడు. హంద్రి ఏటి అవతల కల్లూరులో ఒక మట్టిమిద్దె దొరికితే, సామానంతా ఒంటెద్దు బండికి ఎక్కించి అక్కడికి చేరాము. అప్పటికి నాకు ఏడో నెల.

ఇల్లు మారడానికి కొంచెం ముందే నేను ఊరికి పోయి వచ్చాను. అమ్మకు కడుపునొప్పి. అన్నం రెండు ముద్దలు తింటే మూడోది లోపలికి పోదు. నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల నిమ్మకాయంత గట్టిగా ఏదో తగిలింది. నాయన ఆకు పసరు పోయిస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వే చంపుతాండావు అమ్మను. పసర్లు పోసి చంపుతాండావు" అని అరిచాను. నాయన తలవంచుకున్నాడు. ఆయనకు అప్పటికే తలనిండా బాధలు. గట్టు మీది చింతచెట్లు తనవంటూ దాయాది ఒకాయన కోర్టుకు లాగుతానని రెండేళ్ళుగా బెదిరిస్తున్నాడు. నేను ఆ పూట అన్నం కూడా తినకుండా బస్సుకు బయలుదేరాను. చెంబుతో నీళ్ళు తెచ్చి నాయన నా వెనక వాకిలి దాకా వచ్చాడు. నేను తాగలేదు.

కర్నూలు వచ్చాక మా ఆయన పెద్దాసుపత్రిలో ఒక డాక్టరుకు అంతా చెప్పాడు. ఆ డాక్టరు మంచివాడు. "గడ్డ చిన్నగా ఉండగానే తీసెయ్యాలి. ఈ నెలలో తీసుకొస్తే నేను చేస్తాను. ఆలస్యం చేస్తే కత్తి పెట్టి లాభం లేదు" అన్నాడు. ఆ సాయంత్రమే నేను కార్డు రాశాను. అమ్మను వెంటనే తీసుకురమ్మని, ఇల్లు మారామని, కల్లూరు ఇంటికి ఎలా రావాలో గుర్తులన్నీ చెప్పి, సందు లేకుండా అంచుల దాకా రాశాను. పదిరోజులు చూశాను. జవాబు లేదు.

ఇంకో కార్డు రాశాను. దానికీ లేదు. మూడోది బద్వేలు పోయే బస్సు కండక్టరు చేతికి ఇచ్చి, రోడ్డు మీది కాఫీ అంగట్లో ఇమ్మని చెప్పి పంపాను. మా ఊరికి టపా మనిషి వారానికి రెండుసార్లు వస్తాడు. ఎండగా ఉంటే ఊళ్ళోకి రాకుండా జాబులన్నీ ఆ అంగట్లోనే పెట్టిపోతాడు. ఎవరివి వాళ్ళు తీసుకోవాలి. ఆ కార్డుల మీద దోశలు పెట్టుకుని తిన్నారో, వాటితో పొయ్యి అంటించారో, లేక దాయాది చేతిలోనే పడ్డాయో, నాకు ఈనాటికీ తెలియదు. మూడు కార్డుల్లో ఒక్కటీ చేరలేదు.

నెల గడిచిపోయింది. నాకు రాత్రీ పగలూ ఒకటే లెక్క. ఆ గడ్డ ఇవాళ ఎంతైందో అని. కూర తరుగుతూ వంకాయ చేతిలోకి తీసుకుంటే ఇంత అయిందేమో అనుకునేదాన్ని. నేనే పోదామంటే ఎనిమిదో నెల నిండుతోంది, రోజంతా బస్సు ప్రయాణం. మా ఆయన పోదామంటే ఇంట్లో నన్ను చూసే మనిషి లేదు. టెలిగ్రాం ఇద్దామంటే ఇంకా భయం. మా ఊళ్ళో టెలిగ్రాం అంటే చావే. అది విప్పకముందే నేను కాన్పులో పోయానని ఏడుపులు మొదలవుతాయి. అమ్మ ఆ దెబ్బకే పోతుంది.

పాత ఇంటికి పోయి అడిగాను. మావాళ్ళేమన్నా ఆ చిరునామాకు రాశారేమోనని. అక్కడ కోస్తా నుంచి వచ్చిన ఒక ఆఫీసరు కుటుంబం ఉంది. ఆ ఇల్లాలు గడప ఇవతలికి రాకుండానే, "ఏవో రెండో మూడో వచ్చాయండీ, మావి కాదని తిరిగి ఇచ్చేశాం" అంది. ఏం రాసి ఉందో చూశారా అంటే, పరాయివాళ్ళ ఉత్తరాలు మేమెందుకు చదువుతామండీ అంది. ఆమె చెప్పింది న్యాయమే. అయినా ఆ క్షణాన ఆమె జుట్టు పట్టుకోవాలనిపించింది. చదివి ఉంటే బాగుండేది. మర్యాద తెలియని మనిషై, చదివి, మా అమ్మ బతికుందో లేదో నాకు చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

కల్లూరులో మా పక్కిల్లు ఒక సాయిబుల ముసలామెది. ఆమె మనవళ్ళతోపాటు నేనూ నానీమా అని పిలిచేదాన్ని. నేను అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే వచ్చి వెన్ను రాసింది.

"బేటీ, నేను చెప్తా విను. స్టాంపు అంటించాకు. బేరింగు వెయ్యి. స్టాంపు అంటిస్తే వాళ్ళకు రావల్సింది ముందే వచ్చేసె. ఇంక నీ జాబు చేరితే ఏమి, చేరకుంటే ఏమి? బేరింగు అయితే అవతల దుడ్లు వసూలు చేసుకోవల్ల. మీ నాయన చేన్లో ఉన్నా ఎతుక్కోని పోయి ఇస్తారు."

అంత ఏడుపులోనూ నాకు నవ్వు వచ్చింది. అక్షరం ముక్క రాని ముసలామె నాకు టపా పద్ధతులు నేర్పుతోంది! స్టాంపు లేకుండా జాబు వెయ్యడం గతిలేనివాళ్ళ పని అని బోర్డింగులో మాకు నేర్పారు. నేను ముక్కు తుడుచుకుని, కొంగు సర్దుకుని, చదువుకున్నదానిలాగా పోస్టాఫీసుకు పోయాను.

కిటికీ వెనక గుమాస్తా నన్ను చూసి ముందు స్టూలు వేయించాడు. ఆ కడుపుతో నిలబడి ఉంటే ఆయనకే భయం వేసినట్టుంది. పోయిన కార్డుల గురించి ఫిర్యాదు రాసి ఇమ్మన్నాడు. రాశాను. విచారణకు నెలలు పడుతుందన్నాడు. "అంతదాకా ఆగలేనప్పా" అన్నాను.

"అట్లయితే రిజిస్టరు చెయ్యమ్మా. రసీదు ఇస్తాం. ఈ కార్డు కూడా అంటిస్తే, మీ నాయన వేలిముద్ర పడి నీ కాడికే తిరిగి వస్తాది. ఇంక అది పోయే మాటే లేదు."

ఇది నాకు నచ్చింది. ఇది చదువుకున్నవాళ్ళ పద్ధతి. అక్కడే బల్ల మీద రెండు కాగితాలు నిండా రాశాను. "నాయనా, ఆ రోజు నేనన్న మాటలు మనసులో పెట్టుకోవద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ జాబు అందిన రోజే అమ్మను బస్సు ఎక్కించు. డాక్టరు ఒప్పుకున్నాడు. పడక కూడా చూసి పెట్టాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఆయన కూడా ఏమీ చెయ్యలేడంట. అమ్మా, నువ్వు రాకుంటే నాకు కాన్పు భయంగా ఉంది." కవరు మీద నా పేరూ కొత్త చిరునామా స్పష్టంగా రాశాను. రసీదు రవికెలో దోపుకుని ఇంటికి వచ్చాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

పద్నాలుగో రోజు పోస్టుమాను మా వాకిట్లో నిలబడి కవరు చేతికి ఇచ్చాడు. నాయన జాబే అనుకుని పరుగెత్తాను. చూస్తే అది నా చేతిరాత. ఎవరూ విప్పలేదు. వేలిముద్ర పడాల్సిన కార్డు ఖాళీగా, అంటించింది అంటించినట్టే ఉంది. కవరు మీద ఎర్రసిరాతో ఇంగ్లీషులో ఒక్క మాట గీకి ఉంది. నాకు చదువు వచ్చు గదా, చదివాను. రెఫ్యూజ్డ్.

"అంటే పుచ్చుకోలేదమ్మా. వద్దన్నారు" అన్నాడు పోస్టుమాను, నాకు అర్థం కాలేదేమోనని.

నేను అక్కడే కూలబడ్డాను. నాయన నా జాబు వద్దన్నాడు. నేను చంపుతున్నావన్న మాటకు ఇది జవాబు. అమ్మ కూడా ఊరుకుంది. లేదా అమ్మ ఇప్పటికే పోయింది, అందుకే ఇంక నాతో వాళ్ళకు పని లేదు. ఈ రెండింటిలో ఏది నిజమైతే నాకు తక్కువ బాధో తేల్చుకోలేకపోయాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, అమ్మ నా మీద కోపంగా ఉంటే బాగుండునని ప్రార్థన చేశాను. కోపంగా ఉండాలంటే బతికి ఉండాలి గదా.

నాలుగు రోజులకు నొప్పులు వచ్చాయి. పెద్దాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మూడోనాడు ఆ డాక్టరు వరండాలో పోతూ ఆగి, "మీ అమ్మగారు రాలేదేమమ్మా?" అని అడిగాడు. నేను పిల్లకు దుప్పటి సర్దుతున్నట్టు తలవంచుకున్నాను. నాయన పుచ్చుకోలేదని ఎవరితో చెప్పుకోను?

కాన్పయిన ఇరవై రెండో రోజున, నానీమా తిడుతున్నా వినకుండా, పిల్లను పాత చీరలో చుట్టుకుని బయలుదేరాను. మా ఆయన ఎలాగో మూడు రోజులు సెలవు పెట్టాడు. ఆ కవరు నా గుడ్డసంచిలోనే ఉంది. నాయన ముఖాన కొట్టాలని తెచ్చుకున్నాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, బద్వేలు, దారి పొడుగునా ఏమనాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

నాయన వాకిట్లో మంచానికి నులక బిగిస్తున్నాడు. నన్ను చూసి నులక వదిలేసి లేచి వచ్చాడు. ముఖంలో కోపం లేదు. పిల్లను రెండు చేతుల్లోకి తీసుకుని, "వచ్చినావా పాపా! ఇంతకాలం ఒక్క జాబన్నా రాయకపోతివే తల్లీ" అన్నాడు. "మీ అమ్మ రోజూ అడుగుతాండాది. అయ్యగారితో మూడు జాబులు రాపిస్తిమి. నీకు ఇంకా కోపమే అనుకుంటిమి."

లోపల కుక్కిమంచంలో అమ్మ ఉంది. బతికే ఉంది. కానీ ముఖం పిడికెడయింది. చీర కింద పొట్ట ఎత్తుగా ఉంది. నేను చెయ్యి పెట్టి చూడలేదు. చూడక్కరలేదు. పిల్లను ఆమె పక్కన పడుకోబెడితే వేలితో చెంప తాకి, "మీ జేజి మాదిరే ఉండాది" అని మా నాయనమ్మను తలుచుకుంది.

మా ఆయన అయ్యగారిని వెంటబెట్టుకుని డాక్టరు కోసం అప్పటికప్పుడే బద్వేలుకు మళ్ళాడు. నాయన నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. బాధలో కూడా ఆయన ముఖంలో ఏదో చిన్న సంబరం. నాకు చెప్పాలని దాచుకున్నట్టు ఉంది.

"పాపా, నువ్వు చెప్పిన మాట తప్పలేదు నేను. కోర్టు రెజిస్ట్రీ రానేవచ్చె. టపా ఆయప్ప ఏలిముద్ర ఏయమనె. నేను చేతులు ఎనక్కి కట్టుకుంటి. మా పాప చెప్పిండాది, ముట్టనంటే ముట్టనంటి. ఎవురు పంపినారో సదువుతా, ఇనమనె. ఇన్నా కూడా అందినట్టే అని నువ్వు చెప్పింటివి గదా? ఈ రెండు చెవులూ మూసుకుంటి. ఇంగ ఏం చేస్తాడు, ఎత్తుకోని పాయె."

మజ్జిగ చెంబు నా చేతిలోనే ఉంది.

రెండేళ్ళ కిందట, దాయాది మొదటిసారి బెదిరించినప్పుడు, అదే వాకిట్లో ఆ మాట నేనే చెప్పాను. బోర్డింగులో ఒక వకీలు కూతురు గొప్పలు చెప్తుంటే సగం విన్నది, సగం నేనే కల్పించుకున్నది. "రెజిస్ట్రీ వస్తే ముట్టుకోవద్దు నాయనా. ముట్టుకుంటే నోటీసు అందినట్టే. నీకు చదువు రాదని మోసం చేస్తారు. ఎవరి పేరు చెప్పినా వినొద్దు, చెవులు మూసుకో." ఆయన దాన్ని బైబిలు వాక్యంలాగా రెండుసార్లు నాకు తిరిగి అప్పజెప్పాడు. నేను మెచ్చుకుని, మరుసటి రోజు మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు. తర్వాత మా ఆయన చెప్పాడు, అసలు రిజిస్టరు జాబు వద్దని తిప్పి పంపినా అందినట్టే లెక్కట. నేను నేర్పింది అదీ తప్పే.

"మంచి పని చేసినావు నాయనా" అన్నాను.

నాయన పిల్లకు మేకపాలు తేవడానికి పోయాడు. ఇంట్లో నేనూ అమ్మా మిగిలాము. కార్డులు మూడు వేశానని, ఒక్కటీ చేరనట్టుందని అమ్మతో చెప్పాను. అమ్మ కళ్ళు మూసుకునే వింది.

"పోనీలే పాపా. కార్డులు శానామందివి పోతాయి." కళ్ళు తెరిచింది. "రెజిస్ట్రీ అయితే పోదంట గదా, అయ్యగారు చెప్పె. నువ్వు సదువుకున్నదానివి. అది పంపియ్యాలని తోచలేదా నీకు?"

ఆమె మనసులో ఏమీ పెట్టుకుని అడగలేదు. ఉన్నమాట అడిగింది. చిలక్కొయ్యకు తగిలించిన నా సంచి వైపు నా కళ్ళు పోయాయి. అమ్మ కూడా అటు చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"నీదేనా అది?" అంది.

తల ఊపాను.

"మీ నాయనకు చెప్పాకు. ఆయప్ప తట్టుకోలేడు." రొప్పుతూ నా మణికట్టు పట్టుకుంది. "నా మీద ఒట్టు పెట్టు."

మా ఇంట్లో ఒట్లు వెయ్యరు. అది పాపమని నేర్పింది కూడా అమ్మే. అయినా ఆమె చేతిలో చెయ్యి వేశాను. తర్వాత ఆమె, దాంట్లో ఏం రాసినావో చదువు అంది. కవరు చింపి, వాకిలి వైపు చూసుకుంటూ, చిన్నగా చదివాను. డాక్టరు పడక చూసి పెట్టాడన్న చోట "ఎంత మంచోడు" అంది. నువ్వు రాకుంటే భయంగా ఉందన్న చోటికి వచ్చేసరికి నాకు అక్షరాలు కనిపించలేదు. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "అయిపాయె గదా, బాగనే కన్నావు గదా" అని నన్ను ఓదార్చింది. నన్ను! ఆమె నన్ను ఓదార్చడం నేను ఇప్పటికీ భరించలేను.

బద్వేలు నుంచి వచ్చిన డాక్టరు పొట్ట నొక్కి చూసి, మా ఆయనను పక్కకు పిలిచాడు. బస్సులో మనిషి దక్కదు, నెల రోజుల ముందన్నా తీసుకుపోయి ఉండాల్సింది అన్నాడట. రిజిస్టరు సంగతి నాయన దగ్గర ఎత్తొద్దని మా ఆయనకు చెప్పుకున్నాను. ఆయన సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. నేను ఉన్నాను. అమ్మ పదకొండు రోజులు బతికింది.

సమాధి దగ్గర నుంచి వచ్చాక చర్చివాళ్ళంతా వాకిట్లో కూర్చున్నారు. నాయన గోడకు ఆనుకుని, ఎవరినీ చూడకుండా మాట్లాడుతున్నాడు. "డాక్టరు ఒప్పుకున్యాడంట గదప్పా. మా అల్లుడు పోతా పోతా చెప్పె. ఒక్క జాబు. ఒక్క జాబు వచ్చింటే భుజాన ఎత్తుకోనన్నా కర్నూలుకు పోయింటి గదా." నా పక్కనే ఉన్న సంచిని ఒళ్ళోకి లాక్కుని, దాంట్లో ముఖం పెట్టి ఏడ్చాను. అమ్మ కోసమే అని అందరూ నన్ను పట్టుకున్నారు.

కర్నూలు తిరిగి వచ్చిన కొన్ని నెలలకు నా ఫిర్యాదుకు జవాబు వచ్చింది. కార్డుల జాడ తెలియలేదని, రిజిస్టరు జాబును మాత్రం చిరునామాదారుకు సక్రమంగా అందించబోగా నిరాకరించారని, అందువల్ల శాఖ లోపమేమీ లేదని రాశారు. అది మాత్రం ఒక్క రోజు ఆలస్యం లేకుండా సరిగ్గా మా ఇంటికే వచ్చింది. నానీమా ఏమైందని అడిగితే, ఏమీ లేదన్నాను. బేరింగు వేసి ఉంటే నాయన ఆ డబ్బులిచ్చి తీసుకునేవాడే. ఆ సంగతి ఆమెతో ఒప్పుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది.

దాయాది కోర్టుకు పోనేలేదు. పెద్దమనుషులు కూర్చుని చింతచెట్లు చెరి సగం చేశారు. ఆ ఇంటికి వచ్చిన రెజిస్ట్రీ నాదొక్కటే.

మరుసటేడు నాయనను కల్లూరుకు తెచ్చుకున్నాను. పగలంతా మనవరాలితో అరుగు మీద ఉండేవాడు. ఒక రోజు మా ఆయన పేరున ఏదో రిజిస్టరు కవరు వచ్చింది. నేను లోపల రొట్టెలు చేస్తున్నాను. పోస్టుమాను అడుగుతుంటే నాయన జవాబివ్వడం లేదు. ఏమైందోనని బయటికి వచ్చి చూశాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పాపా, రెజిస్ట్రీ వచ్చిండాది" అన్నాడు. "తీసుకోవల్లనా, వద్దా? నువ్వు చెప్పు."